పంచాయతీ కార్యాలయమున ఫాక్సు యంత్రము: అమరిక, వాడుక, భద్రత

గ్రామ పరిపాలన చాలవరకు కాగితముపై నడచుచున్నది. పింఛను కోరు వృద్ధురాలి దరఖాస్తు, ఉపాధి హామీ కూలీల మస్టరు, చేతిపంపు మరమ్మతునకు వేసిన అంచనా, చెరువుకట్టకు గండి పడనున్నదను కబురు, ఇవి యన్నియు పంచాయతీ కార్యాలయమునుండి మండల కేంద్రమునకును, అచ్చటినుండి జిల్లా కేంద్రమునకును పోవలసినవే. కాగితము ఎంత త్వరగా చేరుననునది ఒక ప్రశ్న. అది చేరవలసిన చేతికే చేరునా, నడుమ ఇతరుల కంటబడునా అనునది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నను గూర్చి అందరమును ఆలోచింతుము. రెండవదానిని మరచెదము. ఈ పాఠము ముఖ్యముగా ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

1959 అక్టోబరులో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగరులో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ మన రాష్ట్రమున పంచాయతీ రాజ్ వ్యవస్థను ప్రారంభించిరి. ఆనాడు గ్రామమునకు కబురు రావలెనన్న తపాలా బంట్రోతు రావలెను, లేదా మనిషి నడచి రావలెను. మిక్కిలి అవసరమైనచో తంతి ఇచ్చెడివారు. ఆ తంతి సేవ 2013 జూలైలో దేశమంతటను ముగిసినది. నడుమ వచ్చినది ఫాక్సు. నేడు ఈమెయిలు, వాట్సాప్ వచ్చి ఫాక్సు వాడుకను చాలవరకు తగ్గించినవి. అయినను కార్యాలయములకు కొనుచున్న ముద్రణ యంత్రములలో కొన్నింట ప్రింటు, జిరాక్సు, స్కానుతోపాటు ఫాక్సు కూడ ఇమిడియున్నది. దానిని వాడినను వాడకున్నను, ఆ యంత్రము మన గదిలో ఉన్నంతకాలము దాని బాగోగులు మనకు తెలియవలెను. ఇచ్చట చెప్పబోవు జాగ్రత్తలలో పెక్కు స్కాను చేసి పంపు కాగితములకును వర్తించును.

యంత్రము పనిచేయు విధము

ఫాక్సు కొత్త విద్య కాదు. స్కాట్లాండు దేశస్థుడైన అలెగ్జాండర్ బెయిన్ అను గడియారముల పనివాడు 1843లోనే తీగమీదుగా బొమ్మను పంపు ఉపాయమునకు పేటెంటు పొందెను. అన్ని దేశముల యంత్రములును ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు వీలైన ‘గ్రూపు 3’ అను అంతర్జాతీయ ప్రమాణము 1980లో ఏర్పడినది. మామూలు ఫాక్సు నేటికిని ఆ పద్ధతిలోనే నడచుచున్నది.

యంత్రము కాగితమును సన్నని అడ్డగీతలుగా చదువును. ప్రతి గీతలో ఎచ్చట నలుపు, ఎచ్చట తెలుపు అను సంగతిని ధ్వనిగా మార్చి ఫోను తీగపై పంపును. అవతలి యంత్రము ఆ ధ్వనిని మరల నలుపు తెలుపులుగా మార్చి కాగితముపై అచ్చువేయును. మనము ఫోనులో వినెడి కీచు శబ్దము ఇదియే. దీనినుండి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: మామూలు ఫాక్సులో కబురునకు తాళము లేదు. తీగకు మరొక యంత్రమును తగిలించినవాడు ఆ కాగితమును తానును పొందగలడు. రెండవది: అవతలి యంత్రము వద్ద ఎవరున్నారో మన యంత్రమునకు తెలియదు. నంబరు కలిసిన చాలును, కాగితమును అప్పగించును. కవరులో పెట్టి అంటించిన ఉత్తరమునకున్నపాటి మరుగు కూడ దీనికి లేదు.

యంత్రమును ఎచ్చట ఉంచవలెను

జనులు కూర్చుండు వరండాలోగాని, కిటికీ ప్రక్కనగాని, సమావేశపు హాలులోగాని యంత్రమును ఉంచరాదు. కార్యదర్శి గదిలో, తలుపునకు తాళమున్న చోట, కాగితము వెలువడు వైపు గోడ దిక్కునకు ఉండునట్లు అమర్చవలెను. దారిన పోవువాడు చేయి చాచి కాగితమును తీసికొనుటకు వీలుండరాదు. ఎఱ్ఱమట్టి దుమ్ము, ఎండ, వాన జల్లు తగులకుండ చూడవలెను. కాగితపు కట్టలను నేలపై ఉంచిన చెదలు పట్టును. వానాకాలమున తేమ పట్టిన కాగితము యంత్రములో ఇరుకుకొని చిరుగును. కనుక వానిని బీరువాలో ఉంచుట మేలు.

కరెంటునకు మంచి ఎర్తు ఉన్న ప్లగ్గునే వాడవలెను. వేసవి చివర మన పీఠభూమి ప్రాంతమున సాయంకాలపు గాలిదుమారములతో పిడుగులు పడుచుండును. పిడుగుపాటు కరెంటు తీగ వెంబడియే గాక ఫోను తీగ వెంబడి కూడ రాగలదు. ఉఱుములు మొదలగుటకు ముందే రెండు తీగలను ఊడదీయవలెను. కరెంటు ప్లగ్గు తీసి ఫోను తీగను వదలిన యెడల జాగ్రత్త సగమే అగును.

ఫాక్సునకు వీలైనచో వేరు ఫోను లైను ఉండుట మంచిది. ఒకే లైనుపై మాటలు, ఫాక్సు రెండును నడిపినచో పంపుచుండగా ఎవరేని రిసీవరు ఎత్తుటచే కాగితము చెడును. ఫైబరు కేబులు ద్వారా వచ్చు ఫోనుపై ఫాక్సు ఒక్కొక్కప్పుడు మధ్యలో తెగిపోవును. అట్టి చోట యంత్రపు వేగమును 9,600కు తగ్గించిన చాలవరకు కుదురును.

మొదటి దినమున సరిచేయవలసినవి

యంత్రము వచ్చిన దినముననే ఈ పనులు పూర్తిచేయవలెను.

ఒకటి: తేదీ, వేళ, పంచాయతీ పేరు, మన ఫోను నంబరు సరిగా నమోదు చేయవలెను. ఇవియే ప్రతి పుటపై తలకట్టుగా అచ్చగును. తేదీ తప్పినచో గడువులోపల పంపిన కాగితము గడువు దాటి పంపినట్లు కనబడును.

రెండు: యంత్రముతో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు ఆ రకపు యంత్రములన్నిటికి సాధారణముగా ఒకటే అయియుండును, పుస్తకములో అచ్చై అందరికి తెలిసియుండును.

మూడు: ప్రతి ఫాక్సు తరువాత ‘పంపిన రసీదు’ అచ్చగునట్లు పెట్టవలెను.

నాలుగు: రాత్రివేళ వచ్చిన కాగితములు పళ్లెములో పడియుండకుండ, యంత్రము వానిని తనలో దాచుకొని, మఱునాడు కార్యదర్శి రహస్య సంఖ్య నొక్కిన పిదపనే అచ్చువేయు ఏర్పాటు చాల యంత్రములలో కలదు. దానిని వాడవలెను. అయితే వరదల కాలమున రాత్రి కబురులు చూచువారొకరు తప్పక ఉండవలెను.

ఐదు: తరచుగా పంపు నంబరులను యంత్రములో ముందే భద్రపరచి, ఒక్కొక్కదానికి పరీక్షార్థము ఒక ఖాళీ పుటను పంపి, అవతలివారు అందినదని చెప్పిన పిదపనే వాడుకలోనికి తేవలెను.

ఆరు: ఇంటర్నెట్టుతో అవసరము లేనియెడల యంత్రమును దానికి కలుపరాదు. కలిపినచో కంపెనీవారు విడుదల చేయు సవరణలను ఎప్పటికప్పుడు ఎక్కించవలెను. ఈ జాగ్రత్త ఏల యన, 2018 ఆగస్టులో చెక్ పాయింట్ అను సంస్థ పరిశోధకులు అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున ఒక సంగతి నిరూపించి చూపిరి. ఫాక్సు నంబరు మాత్రమే తెలిసియున్న చాలును, దుష్టమైన ఒక ఫాక్సు పంపి హెచ్.పి. కంపెనీ యంత్రమును వశపరచుకొని, దానికి కలిపిన కంప్యూటర్లలోనికి చొరబడవచ్చునని తేలినది. కంపెనీ వెంటనే సవరణను విడుదల చేసినది. కాని ఆ సవరణను ఎక్కించుకొనని యంత్రమునకు దానివలన ప్రయోజనము లేదు.

పంపునపుడు

ఫాక్సులో జరుగు పెద్ద తప్పు దొంగలవలన కాదు, మన వ్రేలివలన జరుగును. వనపర్తి ఎస్.టి.డి. కోడు 08545. గద్వాల కోడు 08546. చివరి అంకె ఒక్కటియే భేదము. మహబూబ్‌నగర్‌ది 08542. వ్రేలు ఒక అంకె జరిగిన కాగితము మరొక ఊరిలో, ఎవరి యంత్రముననో వెలువడును. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాత నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును, పాత మహబూబ్‌నగర్‌నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలును ఏర్పడినవి. 2019లో నారాయణపేట జిల్లా ఏర్పడినది. పాత నంబరుల పుస్తకమును నమ్మి పంపిన కాగితము సంబంధము లేని కార్యాలయమునకు చేరవచ్చును. కనుక నంబరుల పట్టికను ఏటేటా సరిచూడవలెను.

పంపువారు వరుసగా చేయవలసిన పనులు ఇవి. మొదట, ఈ కాగితమును ఫాక్సులో పంపుట అవసరమా అని తలపోయవలెను. రెండు దినములు ఆగదగినదైనచో మనిషి ద్వారా మూసిన కవరులో పంపవచ్చును. తరువాత, అవసరము లేని వివరములు తీసివేయవలెను. ఆధార్ సంఖ్యకు 12 అంకెలు. మొదటి 8 అంకెలు కప్పి చివరి 4 మాత్రము చూపు ప్రతిని ఆధార్ సంస్థయే ఇచ్చుచున్నది. పూర్తి సంఖ్య కావలెనని నిబంధన లేనిచోట ఈ ప్రతి చాలును. పిమ్మట పై అట్ట పుట ఒకటి వ్రాయవలెను. అందులో ఎవరికి, ఎవరినుండి, మొత్తము ఎన్ని పుటలు, పొరపాటున అందినచో తెలుపవలసిన ఫోను నంబరు ఉండవలెను. లబ్ధిదారుల పేర్లు, ఖాతా సంఖ్యలు అట్ట పుటపై ఉండరాదు.

అటుపై అవతలి గుమాస్తాకు ఫోను చేసి, “ఇప్పుడు పంపుచున్నాను, యంత్రము వద్ద ఉండుడు” అని చెప్పవలెను. నంబరు నొక్కి, తెరపై చూచి, బిగ్గరగా చదివి, అప్పుడు పంపవలెను. రసీదు అచ్చైన పిదప నంబరును, పుటల సంఖ్యను సరిచూచి కాగితమునకు జతచేయవలెను. చివరగా అందినదని ఫోనులో రూఢి చేసికొనవలెను. రసీదులో ‘సరే’ అని పడుట యంత్రమునకు యంత్రము చేరినదనుటకు మాత్రమే సాక్ష్యము. మనిషి చేతికి చేరినదనుటకు కాదు.

ఈ భేదము ఎంత ముఖ్యమో 2018 నవంబరు 21న జమ్మూ కాశ్మీరులో దేశమంతయు చూచినది. ప్రభుత్వము ఏర్పరచుటకు సిద్ధమని తెలుపు లేఖను గవర్నరు నివాసమునకు ఫాక్సులో పంపబూనగా అది పోవుటలేదని మెహబూబా ముఫ్తీ ప్రకటించిరి. ఆ సాయంకాలమే గవర్నరు సత్యపాల్ మలిక్ శాసనసభను రద్దు చేసిరి. పండుగ సెలవు దినమగుటచే ఫాక్సు చూచువారు లేరని ఆయన పిదప చెప్పిరి. లేఖ అందియున్నను తన నిర్ణయము మారెడిది కాదనియు చెప్పిరి. రాజకీయ వాదము ఎట్లున్నను మనకు పాఠము స్పష్టము: యంత్రమున్నంత మాత్రమున చాలదు, దానివద్ద మనిషి ఉండవలెను.

వచ్చిన కాగితము

ఫాక్సు వచ్చిన వెంటనే తీసి, పుటలు లెక్కించి, ‘వచ్చిన కాగితముల రిజిస్టరు’లో తేదీ, వేళ, పంపినవారు, విషయము వ్రాయవలెను. మనది కాని కాగితము వచ్చినచో చదివి నలుగురికి చెప్పరాదు. పంపినవారికి ఫోను చేసి, వారు చెప్పినట్లు తిరిగి పంపుటయో, చించివేయుటయో చేసి, ఆ సంగతిని రిజిస్టరులో వ్రాయవలెను.

పాత యంత్రములు వేడికి నల్లబడు నున్నని కాగితమును వాడెడివి. ఆ అక్షరములు ఎండకు, కాలమునకు వెలిసిపోవును. అట్టి కాగితము దస్త్రములో ఉన్నచో నేడే జిరాక్సు తీసి జతచేయుడు. లేనియెడల కొన్నాళ్లకు తెల్లకాగితము మాత్రమే మిగులును.

చెడిన ప్రతులను, అదనపు ప్రతులను చెత్తబుట్టలో వేయుట, పాత కాగితముల వానికి అమ్ముట మిక్కిలి ప్రమాదకరము. పేరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా ఉన్న జాబితా కిరాణా దుకాణమున మిరపకాయ బజ్జీల పొట్లమై ఊరంతయు తిరుగుట సరియైన పని కాదు. వానిని సన్నని ముక్కలుగా చించి, లేదా కార్యదర్శి ఎదుట కాల్చివేయవలెను. అయితే దస్త్రములో ఉండవలసిన అసలు కాగితములను నిర్ణీత కాలము తీరకమునుపు నాశనము చేయరాదు.

యంత్రపు జ్ఞాపకము

యంత్రము మరచునని మనము తలంతుము. అది మరువదు. కొన్ని ఫాక్సు యంత్రములలో సిరాకు బదులు నల్లని రిబ్బను చుట్ట ఉండును. వచ్చిన ప్రతి పుటలోని అక్షరములు ఆ రిబ్బనుపై తెల్లగా మిగిలియుండును. వాడిన చుట్టను వెలుతురుకు ఎత్తి చూచిన, వచ్చిన ఉత్తరములన్నిటిని చదువవచ్చును. కనుక దానిని కాగితమువలెనే ముక్కలు చేయవలెను. పెద్ద యంత్రములలో కంప్యూటరులోవలె హార్డు డిస్కు ఉండి, స్కాను చేసిన పుటలు అందులో నిలువయుండవచ్చును.

అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అను ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తెచ్చుకొన్న జిరాక్సు యంత్రములను డిస్కు తుడువకుండ తిరిగి ఇచ్చెను. 3 లక్షల 44 వేలమందికి పైగా ప్రజల ఆరోగ్య వివరములు బయటపడి ఉండవచ్చునని ఆ సంస్థయే అంచనా వేసినది. 2013లో అది ప్రభుత్వమునకు 12 లక్షల డాలర్లకు పైగా చెల్లింపవలసి వచ్చెను. మన పంచాయతీ యంత్రము మరమ్మతునకు పోవునపుడు, వేలమునకు పోవునపుడు, అద్దె యంత్రము తిరిగి పోవునపుడు జ్ఞాపకమును పూర్తిగా తుడిపించి, తుడిచినట్లు వ్రాయించుకొనవలెను.

నిజమైన కబురా, కల్పితమా

భద్రత యనగా మన కాగితమును కాపాడుటయే కాదు, వచ్చిన కాగితమును పరీక్షించుట కూడ. ఫాక్సు తలకట్టుపై కనబడు నంబరును పంపువాడే తన యంత్రములో నమోదు చేయును. ఏ నంబరునైనను వ్రాసికొనవచ్చును. కావున కలెక్టరు కార్యాలయపు నంబరు కనబడినంత మాత్రమున అది కలెక్టరు ఉత్తర్వు కాదు. డబ్బు, బ్యాంకు ఖాతా మార్పు, జాబితా మార్పులకు సంబంధించిన ఏ ఉత్తర్వు వచ్చినను, ఆ కాగితముపైనున్న నంబరుకు గాక, మన పట్టికలోనున్న నంబరుకు ఫోను చేసి అడుగవలెను. ఫాక్సు వెంట అసలు ప్రతి తపాలాలో వచ్చువరకు దానిని తాత్కాలికముగా భావింపవలెను. ఫోనులో అధికారి పేరు చెప్పి ఓటీపీ అడిగిన వానికి ఎన్నడును చెప్పరాదు. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 అను సైబరు నేరముల సహాయ నంబరుకు తెలుపవలెను.

అయితే అనుమానము అతిగా ఉన్నను హానియే. 2009 అక్టోబరు మొదట కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన పెను వరదలో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపురం ప్రాంతము మునిగినది. అట్టి సమయమున వచ్చిన హెచ్చరికను అసలు ప్రతి కొరకు వేచి దాచియుంచరాదు. ప్రాణములకు సంబంధించిన కబురైనచో వెంటనే డప్పు చాటింపు వేయించుచు, ఆ పని నడచుచుండగానే ఫోనులో రూఢి చేసికొనవలెను. డబ్బు విషయమున ముందు విచారణ, పిదప పని. ప్రాణ విషయమున ముందు పని, దానితోడనే విచారణ.

దాచవలసినది, దాచరానిది

భద్రత పేరిట పంచాయతీ లెక్కలను ప్రజలనుండి దాచుట ఈ పాఠపు ఉద్దేశము కాదు. పంచాయతీ ఆదాయ వ్యయములు, తీర్మానములు, పనుల అంచనాలు, ప్రజల సొత్తు. 2005 సమాచార హక్కు చట్టము వానిని అడుగు హక్కును ప్రతి పౌరునికి ఇచ్చినది. 2006లో ఉపాధి హామీ పథకము మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆరంభమైనది. దాని మస్టర్లను సామాజిక తనిఖీలో గ్రామసభ ఎదుట చదివి వినిపించు సంప్రదాయము మనకు గర్వకారణము. కూలి ఎవరికి ఎంత ముట్టినదో ఊరు తెలిసికొనవలెను. కాని ఆ కూలీ ఆధార్ సంఖ్య, ఖాతా సంఖ్య, జబ్బు వివరము, కుటుంబ తగవు ఊరికి అవసరము లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, కాగితముపై సేకరించి తరువాత కంప్యూటరులోనికి ఎక్కించిన వివరములను కూడ తన పరిధిలోనికి తెచ్చినది.

బ్రతుకుతెరువుకై పాలమూరు పల్లెలనుండి దూర ప్రాంతములకు వలసపోవు కుటుంబములను తలచుకొనుడు. ఊరిలో లేని మనిషి పేరిట, అతని సంఖ్యలు తెలిసినవాడు ఏమి చేసినను అడుగువాడుండడు. అట్టివాని కాగితమును కాపాడు బాధ్యత ఊరిలోనున్న పంచాయతీదే.

పంచాయతీ చేయదగిన తీర్మానము

ఈ విషయములను నోటిమాటగా వదలక తీర్మానముగా వ్రాసికొనుట మంచిది. యంత్రమునకు బాధ్యులెవరు, వారు లేనపుడు ఎవరు, తాళపుచెవి ఎవరివద్ద, రిజిస్టరును నెలకొకసారి ఏ సభ్యుడు లేదా సభ్యురాలు తనిఖీ చేయవలెను, పాత కాగితముల నాశనము ఎవరి ఎదుట జరుగవలెను అను ఐదు విషయములు అందులో ఉండిన చాలును. సర్పంచు, ఉపసర్పంచుల డిజిటల్ సంతకపు తాళమును కంప్యూటరుకు తగిలించి విడిచిపోరాదనియు చేర్చవలెను. ఇంటి బీరువా తాళపుచెవిని బీరువాకే వ్రేలాడదీసి ఊరికి పోవువారుండరు గదా!

చర్చకు ప్రశ్నలు

1. మన కార్యాలయమున ముద్రణ యంత్రము ఎచ్చటనున్నది? బయటివారు కాగితమును చూడగలరా?

2. నంబరుల పట్టిక కొత్త జిల్లాల ప్రకారము సరిచేయబడినదా? చివరిసారి ఎప్పుడు?

3. గత సంవత్సరము చెడిన ప్రతులను, పాత జాబితాలను ఏమి చేసితిమి?

4. డబ్బు చెల్లింపుమని ఉత్తర్వు వచ్చినచో, ఎవరికి ఫోను చేసి రూఢి చేసికొందుము?

5. అర్ధరాత్రి వరద హెచ్చరిక వచ్చినచో దానిని మొదట చూచువారెవరు? ఊరికి చెప్పువారెవరు?

ఈ ఐదింటికిని జవాబులు తడుముకొనకుండ చెప్పగల పంచాయతీకి యంత్రము పాతదైనను కొత్తదైనను భయము లేదు. జవాబు దొరకని ప్రశ్నను వచ్చే సమావేశపు కార్యక్రమములో మొదటి అంశముగా చేర్చుడు.